మన ఇంట్లో రెండు ఓట్లు

ఎనోక్ పోయిన రోజు ఉదయం నికొలీన్ అతనితో అన్న ఆఖరి మాట "ఊఁ".

1981, నవంబరు చివరి వారం. సూర్యుడు ఆ ఏటికి వెళ్లిపోయి అప్పటికి పక్షం దాటింది. పదకొండు గంటల వేళ దక్షిణం వైపు కాస్త నీలం వెలుగు వచ్చి పోయేది, అంతే. ఎనోక్ వాకిట్లో కుక్కలను బండికి కట్టి, తలుపు సగం తెరిచి లోపలికి తల పెట్టాడు.

"ఫిబ్రవరి సంగతి మర్చిపోకు. మన ఇంట్లో రెండు ఓట్లు. రెండూ బయటికే."

నికొలీన్ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. తల ఎత్తకుండా "ఊఁ" అంది. తలుపు వెయ్యి, చలి వస్తోంది అందామనుకుంది. అనేలోపే అతను వేసేశాడు.

మధ్యాహ్నం మూడింటికి స్నేహితుడు యోకుమ్ తన బండిమీద అతన్ని తీసుకొచ్చాడు. కొండ ముక్కు దాటాక నీటి లాగుడు ఉన్నచోట సముద్రం మీద మంచు ఇంకా పలచగానే ఉంది. ఎనోక్‌కు ఆ చోటు తెలుసు. నలభై ఏళ్లుగా తెలుసు. ఆ ఇద్దరూ ఎప్పుడూ కలిసే వెళ్లేవారు. ఆ రోజు మాత్రం బండి అడుగుపట్టా ఊడితే బిగించుకుంటూ యోకుమ్ అరగంట వెనకబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఆ ఇద్దరు స్నేహితులూ ఏ విషయంలోనైనా ఒకే మాట అనగా ఊళ్లో ఎవరూ వినలేదు.

ఓటు విషయంలోనూ అంతే. పదేళ్ల కిందట డెన్మార్కు యూరప్ కూటమిలో చేరినప్పుడు దాని ఏలుబడిలో ఉన్న గ్రీన్‌లాండ్‌లో పదిమందికి ఏడుగురు వద్దన్నారు. డెన్మార్కు సరేనంది కాబట్టి వీళ్లూ చేరినట్టే అయింది. ఆ సంగతి ఎనోక్ ఒక్కరోజు మరిచిపోలేదు. జర్మనీ ట్రాలర్లు పట్టుకుపోయిన కాడ్ చేపల టన్నులు రేడియోలో చెబుతుంటే చెంచా కింద పెట్టి వినేవాడు. "చేపల గురించి కాదు నా బాధ. మనం వద్దంటే వద్దని ఎవరో ఒకరు వినాలి" అనేవాడు. ఇప్పుడు సొంత ప్రభుత్వం వచ్చింది, మూడో ఏట మళ్లీ ఓటు పెట్టింది. కూటమిలో ఉండాలా, బయటికి రావాలా. యోకుమ్ ఉండాలనేవాడు. "జర్మనోడు మన చేప తింటే నాకేంటి. రేవు కట్టించాడుగా, తిననీ" అనేవాడు.

నికొలీన్ కూడా ఉండాలనే అనుకునేది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఇళ్లున్నాయి, మనుషులు లేరు. ఆ ఊరికి ఖర్చు ఎక్కువవుతోందని పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఆ వేసవిలో ఓడ వచ్చి మనుషుల్నీ మంచాల్నీ పొయ్యిల్నీ ఎక్కించుకుపోయింది. ఆఖరి రోజు వాళ్లమ్మ ఇల్లు ఊడ్చి, నేల కడిగి, తాళం వేసి, తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక జేబులో వేసుకుంది. ఇప్పుడున్న ఈ ఊళ్లో నూట ఇరవై మంది. రేవుకు, బడి పైకప్పుకు, కరెంటు ఇంజనుకు కూటమి నుంచే సాయం వచ్చింది. ఆ సాయం ఆగిపోతే ఎక్కడో ఎవరో మళ్లీ కాగితం తీసి ఈ ఊరి ఖర్చు రాస్తారని ఆమె భయం.

ఎనోక్ కోపిష్టి కాడు. చెబితే వినేవాడే. వచ్చిన చిక్కల్లా అదే. విని, రాత్రంతా ఆలోచించి, పొద్దున లేస్తూనే ఇరవై జవాబులు చెప్పేవాడు. రోజంతా బడిలో మాట్లాడి వచ్చిన మనిషికి ఇంట్లో అతను మాట్లాడుతుంటే వినడం హాయిగా ఉండేది. అతని గొంతు ఆమెకు ఇష్టం. అందుకని "ఊఁ" అనేది. ఎప్పుడో ఒకరోజు చెప్పవచ్చులే అనుకుంది. పదేళ్లు గడిచాయి.

*

పోయినవాళ్ల పేరు ఒక బిడ్డకు పెట్టేదాకా ఆ ఊళ్లో పెద్దవాళ్లు పైకి పలకరు. అప్పటిదాకా ఆ పేరు బయట చలిలో తిరుగుతూ ఉంటుంది. డిసెంబరంతా నికొలీన్ ఇంటికి వచ్చినవాళ్లు "ఆయన" అన్నారు, "యోకుమ్ జోడు" అన్నారు. బడిలో పిల్లలు కూడా జాగ్రత్తపడ్డారు. రాత్రి పడుకోబోయే ముందు నికొలీన్ ఎదురింటి దీపం చూసేది. అది యోకుమ్ ఇల్లు. అక్కడ అతని చిన్నకూతురు బొలెత్‌కు నెలలు నిండుతున్నాయి.

జనవరి పదిహేడున మగపిల్లాడు పుట్టాడు. మర్నాడు ఉదయమే యోకుమ్ ఆమె గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి టోపీ తియ్యలేదు.

"చెల్లెమ్మా, ఎనోక్ వచ్చాడు," అన్నాడు. "మా ఇంట్లో దిగాడు. నన్ను వదిలిపెట్టేట్టు లేడు."

ఆమె బూట్లు సరిగ్గా వేసుకోకుండానే మంచులో రోడ్డు దాటింది. బిడ్డ ఎర్రగా, ముడతలు ముడతలుగా, చాలా కోపంగా ఉన్నాడు. బొలెత్ ఆమె చేతుల్లో పెట్టి, "తీసుకోండి టీచరమ్మా, మీ ఆయన," అంది. వెంటనే నాలుక కరుచుకుని, "అంటే ఇకనుంచి నేను మీకు అత్తగారిని కదా," అంది.

బొలెత్‌కు ఇరవై నాలుగేళ్లు. పదేళ్ల కిందట నికొలీన్ దగ్గరే లెక్కలు తప్పుచేసి గోడవైపు తిరిగి నిలబడింది.

"అత్తగారివే," అంది నికొలీన్.

"అయితే కోడలా, కాస్త కాఫీ పెట్టండి. లేవలేకపోతున్నా."

నికొలీన్ వెళ్లి కాఫీ పెట్టింది. రెండు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత వంటింట్లో చాలాసేపు పొయ్యి ముందు నిలబడింది.

ఆనాటి నుంచి బడి అవగానే ఆ ఇంటికి వెళ్లడం అలవాటయింది. యోకుమ్ అప్పటికే ఉయ్యాలబుట్ట పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉండేవాడు. మూడు వారాల పిల్లాడితో పాత వాదం ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకున్నాడు.

"చూడు ఎనోక్. బయటికొస్తావు, సరే. ఆ తర్వాత చేప ఎవడికి అమ్ముతావు? సీల్ జంతువుకి అమ్ముతావా?"

బిడ్డ ఆవలించాడు.

"ఎప్పుడూ ఇంతే. నా మాట వచ్చేసరికి ఆవలింతలు."

"మామా, వాడి జవాబు నేను చెబుతా," అనేవాడు బొలెత్ మొగుడు, అల్లుడు అబియా, గాలం తాళ్లు చిక్కు తీసుకుంటూ. మంచులో కన్నం కొట్టి లోతుకు గాలం వెయ్యడం అబియాకు నేర్పింది ఎనోకే. చేప పట్టడంతో పాటు ఓటు కూడా నేర్పాడని యోకుమ్ ఫిర్యాదు.

"నీ జవాబు ఎవడికి కావాలి. నేను పెద్దవాళ్లతో మాట్లాడుతున్నా."

నికొలీన్ బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని వింటూ కూర్చునేది. పేరు ఇంట్లోకి వచ్చింది, చలిలో లేదు. పోయిన మనిషికి చెప్పలేని మాట చెప్పడానికి ఇంతకంటే అవకాశం ఎవరికి దొరుకుతుంది. రోజూ చెప్పాలనుకునే వచ్చేది. రోజూ ఎవరో ఒకరు ఉండేవారు.

*

ఫిబ్రవరి మొదట్లో సూర్యుడు తిరిగి వచ్చాడు. రెండో ఆదివారం బాప్తిస్మం. గుడి అవగానే యోకుమ్ ఇంట్లో కాఫీకి ఊరంతా వంతులవారీగా వచ్చింది. గుమ్మం దగ్గర బూట్లు గుట్టపడ్డాయి. కొందరు తిని లేస్తే మరికొందరు కూర్చుంటున్నారు. బల్లమీద ఆరు రకాల కేకులు, ఎండుచేప, తిమింగలం చర్మం ముక్కలు. ఓటింగుకు ఇంకా తొమ్మిది రోజులుంది. కాబట్టి బిడ్డ అందంగా ఉన్నాడనే మాట అయిపోగానే ఇంకో మాట ఏం వస్తుందో అందరికీ తెలుసు.

"టన్నులకి టన్నులు తోడేస్తున్నారు," అన్నాడు అబియా. "ఇంకో ఐదేళ్లు పోతే కాడ్ చేప ఎలా ఉంటుందో టీచరమ్మ బోర్డుమీద బొమ్మ గీసి చూపించాలి."

"కాడ్ నువ్వు ఎప్పుడు పట్టావురా?" అన్నాడు గాబా. ఊళ్లో కొట్టూ పోస్టాఫీసూ అతనివే. "ఇక్కడ హాలిబట్ తప్ప నీ గాలానికి ఇంకోటి తగల్దు."

"దక్షిణాన మా మేనమామ పడతాడు."

"మీ మేనమామ పట్టిందంతా ఈ కప్పులో పడుతుంది."

"అదే నేననేది. ఆ కప్పులోది కూడా ఎవరో చెప్పినంతే పట్టాలంట. ఎక్కడ చెబుతారో తెలుసా? బ్రసెల్స్‌లో, కూటమి ఆఫీసులో. వాళ్లు జన్మలో సీల్‌ని చూసుండరు."

"నువ్వు బ్రసెల్స్‌ని చూశావా?"

"చూడక్కర్లేదు. వాళ్లు ఎంత పట్టాలో నేనేం చెప్పట్లేదుగా."

ముసలి అమాలియా కాఫీ సాసరులో పోసుకుని ఊదుకుంటోంది. "ఆ బ్రసెల్స్ ఎక్కడుంది టీచరమ్మా?"

"బెల్జియంలో, పెద్దమ్మా."

"వాళ్లకి సముద్రం ఉందా?"

"ఉంది. చిన్నది."

"మరి ఆ చిన్నదాంట్లో పట్టుకోవచ్చుగా," అంది అమాలియా.

యోకుమ్ గొంతు సవరించుకున్నాడు. "రేవు ఎవరిస్తారు? చేపల ఫ్రీజరు ఎవరిస్తారు? బయటికొచ్చాక ఇంజను చెడిపోతే అబియా మేనమామ వచ్చి బాగుచేస్తాడా?"

"మనమే బాగుచేసుకుంటాం."

"మొన్న నా రేడియో బాగుచేస్తానన్నావు. ఇప్పుడది ఒక్క ఐస్‌లాండ్ తప్ప ఏదీ పలకదు."

గది నవ్వింది. అమాలియా కేకు కోసం వంగి, ఉయ్యాలబుట్ట పక్కన సొరుగుపెట్టె మీద ఒక కార్డు చూసింది. అది ఓటరు కార్డు. కళ్లజోడు పైకెత్తి చదివింది. "ఎనోక్. ఇదేంటి ఇక్కడుంది?"

"గాబా ఇచ్చాడు," అంది బొలెత్. "మొన్న హెలికాప్టరులో అందరివీ వచ్చాయిగా."

అందరూ గాబా వైపు చూశారు. అతను నోట్లో కేకు మింగాడు.

"పేరు చూశాను. ఎనోక్ అనుంది. ఎనోక్ ఎక్కడున్నాడు? ఇక్కడున్నాడు. ఇక్కడిచ్చాను. తప్పేముంది?"

"పుట్టిన సంవత్సరం చూడలేదా?" అడిగాడు అబియా.

"చూశాను. పంతొమ్మిది వందల ఇరవై మూడు. సరిగ్గానే ఉందిగా."

ఒక క్షణం ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. అది నికొలీన్ గమనించింది. తనకు కూడా కనిపించలేదు. చివరికి అబియా తొడమీద కొట్టుకుని నవ్వితే మిగతావాళ్లు నవ్వారు, ఆఖరుకి గాబా కూడా.

"అయితే వేయించాల్సిందే," అన్నాడు అబియా. "మాకో ఓటు."

"నా ఇంట్లో పుట్టాడు. మా వైపు," అన్నాడు యోకుమ్.

"పుట్టింది ఇక్కడైనా పేరు ఆయనది మామా."

"పాలు మా అమ్మాయివి."

"వాణ్ణే అడుగుదాం. ఎనోక్, ఉందామా, వద్దా?"

బిడ్డకు ఎక్కిళ్లు వచ్చాయి. ప్రతి ఎక్కిలికీ అబియా వేలు మడిచి లెక్కపెట్టాడు. "ఏడుసార్లు వద్దన్నాడు. రాసుకోండి."

"ఎందుకు గొడవ," అంది అమాలియా, కార్డు కింద పెడుతూ. "ఆ మనిషి ఓటు ఎక్కడికీ పోదు. టీచరమ్మ వేస్తుంది కదా. ఏం తల్లీ?"

గదిలో ఉన్న ముఖాలన్నీ ఆప్యాయంగా నికొలీన్ వైపు తిరిగాయి. యోకుమ్ కూడా చూశాడు. పదేళ్ల అలవాటు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని ఆపింది.

"మీ కాఫీ చల్లారిపోతోంది పెద్దమ్మా," అంది.

ఊళ్లో ఓటింగు జరిపించే ముగ్గురిలో ఆమె ఒకతె. వెళ్లబోతూ కార్డు చేతిలోకి తీసుకుంది. ఇది చనిపోయినవారిది అనాలి. బిడ్డ కళ్లు తెరిచి ఉండగా ఆ మాట రాలేదు. "ఇది ఆఫీసుకి తిప్పి పంపాలి," అంది.

"మీ ఆయన కార్డు మీరు తీసుకెళ్లడానికి నన్నడగాలా కోడలా," అంది బొలెత్.

*

మర్నాడు పిల్లలు వెళ్లిపోయాక యోకుమ్ బడికి వచ్చాడు. రెండో తరగతి పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని అందులో పట్టీపట్టకుండా కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డందాకా వచ్చాయి.

"నీకొకటి చెప్పిపోదామని వచ్చా, చెల్లెమ్మా. నేను ఓటు వెయ్యట్లేదు."

ఆమె సుద్దముక్క పక్కన పెట్టింది.

"సెప్టెంబరులో వాడూ నేనూ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. నా ఓటూ వాడి ఓటూ ఎలాగూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. దానికోసం బడిదాకా నడవడమెందుకు, ఆ రోజు మంచుమీద గాలాలేసుకుందాం అన్నాను. వాడేమో, నా నికొలీన్ ఓటు ఉంది, నాది లేకపోయినా మా వైపు ఒకటి ఎక్కువే, సరే అన్నాడు. తర్వాత మాట మార్చేవాడేమో, నీతో రెండూ అన్నాడంటగా. అలాంటివాడే. ఇప్పుడు నేను పోయి వేశాననుకో. వాడు మునిగిపోయాడు కాబట్టి నాది మిగిలినట్టు. అది నాకు మింగుడు పడట్లేదు. నేను మంచుమీదికే పోతా. నీది నువ్వు వెయ్యి. వాడి మాట నిలబెట్టు."

కిటికీ బయట వెలుగు కొండమీదినుంచి దిగిపోతోంది. నికొలీన్ అతనికి ఎదురుగా ఇంకో చిన్నకుర్చీలో కూర్చుంది.

"అన్నా, నేను ఉండాలనే అనుకుంటున్నాను."

"ఎక్కడ?"

"కూటమిలో. మొదటినుంచీ."

యోకుమ్ ముందుకు వంగాడు. "వాడికి తెలుసా?"

"తెలీదు."

"పదేళ్లు."

"ఊఁ."

అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా నవ్వి, దగ్గొచ్చి, కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఎంతకీ అవలేదు.

"నీకు తెలుసా, వాడు నాతో ఏమనేవాడో. వాదం ఎంత దూరం పోయినా ఆఖరికి ఒక మాటనేవాడు. మా నికొలీన్ చదువుకున్న మనిషి. ఆవిడే నా వైపుందంటే నీ తెలివి ఎంతో చూసుకో, అని. నేనింక నోరెత్తేవాణ్ణి కాదు. పదేళ్లు నన్ను ఆ ఒక్కమాటతో ఓడించాడు చెల్లెమ్మా."

నికొలీన్ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. ఎనోక్ తన మాట మీద అంత బరువు ఆన్చాడని ఆమెకు తెలియదు. అది మాట కూడా కాదు.

"నన్నేం చెయ్యమంటావు?" అంది.

"నన్నడక్కు. నేనొక వైపు మనిషిని. వాణ్ణే అడుగు."

"వాడికి ఇంకా నెల నిండలేదు అన్నా."

"వింటాడు. ఎదురు చెప్పడం రాదు కాబట్టి ఈసారి వంతు నీది." కుర్చీలోంచి లేవడానికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఓటింగుకు ముందు శనివారం ఆమెకు ఆ వంతు దొరికింది. మగవాళ్లు వేటకు పోయారు. నీళ్లకోసం మంచుగడ్డ తేవాలని బొలెత్ గొడ్డలి తీసుకుని తీరానికి వెళ్లింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. నికొలీన్ బిడ్డను మోకాళ్లమీద పెట్టుకుని ముఖంలో ముఖం పెట్టింది.

"ఎనోక్," అంది.

బిడ్డ ఆమెను చూశాడు. చూపు నిలబడి చూశాడు. ఎనోక్ కూడా అంతే, ఎవరైనా మాట మొదలుపెడితే చేతిలో పని ఆపి చూసేవాడు. కుక్కలు బాగానే ఉన్నాయని చెప్పింది. ముసలి కుక్కను అబియా తన బండికి కట్టట్లేదని, మిగతావి చూస్తున్నాడని చెప్పింది. రేవు దగ్గర పడవమీద మంచు రెండుసార్లు దులిపించానని చెప్పింది. నేను ఒక సంగతి, అని మొదలుపెట్టేసరికి బిడ్డ తడిపాడు. ఆమె గుడ్డ మార్చింది. చిన్న కాళ్లు చలికి ముడుచుకుంటే అరచేతుల్లో పెట్టుకుని వెచ్చగా అయ్యేదాకా పట్టుకుంది. బొలెత్ మంచుగడ్డతో లోపలికి వచ్చింది.

*

ఇరవై మూడో తేదీ మంగళవారం, గాలి లేని చలి. బడి పెద్దగదిలో బల్ల వేసి, మూల ప్రపంచపటం స్టాండుకు దుప్పటి కప్పి చాటు చేశారు. గాబా జాబితా చదువుతుంటే నికొలీన్ కాగితాలు ఇస్తోంది. ఎనోక్ పేరు వచ్చేసరికి గాబా స్కేలు పెట్టి కొట్టెయ్యబోయి, ఆమె వైపు చూసి, స్కేలు తీసేసి పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాడు.

అమాలియా చాటులోకి వెళ్లి లోపలినుంచే, "బెల్జియంకి వద్దు అనాలంటే ఏ గడి?" అని అడిగింది. ఇలా పైకి అడక్కూడదని గాబా కసిరాడు. యోకుమ్ పొద్దున్నే బండి కట్టుకుని మంచుమీదికి వెళ్లడం అందరూ చూశారు. మోకాళ్లు బాగులేనివాడు ఈ చలిలో అక్కడికి పోగలిగితే బడికి రాలేడా అని ఉండాలనేవాళ్లు సణిగారు.

అందరూ అయ్యాక నికొలీన్ తన కాగితం తీసుకుని దుప్పటి చాటుకు వెళ్లింది.

పెన్సిలు దారంతో కట్టి ఉంది. కాగితంమీద రెండు గడులు. బయటికి అన్న గడిలో గుర్తు పెట్టడం తేలిక. అలా పెడితే ఊరు మెచ్చుకుంటుంది, అతని మాట నిలబడుతుంది, యోకుమ్‌ను అతను ఓడించిన పదేళ్లూ నిజమవుతాయి. ఆమె చెయ్యి ఆ గడి మీదికి వెళ్లింది కూడా. కానీ అది మరో "ఊఁ" అవుతుంది. బతికున్నప్పుడు తల ఎత్తకుండా అన్నది చాలు. ఇప్పుడు అతనితో అలా మాట్లాడాలనిపించలేదు.

ఉండాలి అన్న గడిలో గుర్తు పెట్టింది. నెమ్మదిగా, రెండు గీతలూ కలిసేట్టు, పిల్లలకు నేర్పినట్టు.

సాయంత్రం లెక్కపెట్టారు. బయటికి ముప్పై మూడు. ఉండాలి ఇరవై ఒకటి.

ఆ ఊళ్లో ఎవరు ఎటో అందరికీ ముందే తెలుసు. ఉండాలనేవాళ్లు యోకుమ్‌తో కలిపి ఇరవై ఒక్కమంది. యోకుమ్ రాలేదు. అయినా ఇరవై ఒకటే.

"మనలో ఎవడో జారాడు," అన్నాడు అబియా, గదిలో ఒక్కొక్కరినే చూస్తూ. అతని చూపు నికొలీన్ మీదుగా ఎక్కడా ఆగకుండా పోయింది.

"నువ్వే చాటులో తొట్రుపడ్డావు పెద్దమ్మా," అన్నాడు గాబా.

"నేను మూడుసార్లు చదివి పెట్టాను," అంది అమాలియా. "నీ లెక్కే తప్పు. కొట్లో కూడా ఇంతేగా."

యోకుమ్ అప్పుడే బండిమీద నాలుగు హాలిబట్‌లతో దిగాడు. విషయం చెప్పారు. అంకె విని గడ్డంమీది మంచు రాల్చుకున్నాడు. "నన్ను చూడకండి. నేను పొద్దున్నుంచీ మంచుమీదున్నా," అన్నాడు. నాలుగింటిలో పెద్ద చేప తీసి నికొలీన్ గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయాడు.

*

మర్నాడు ఉదయం రాజధాని నూక్ నుంచి రేడియో చెప్పింది. దేశమంతా కలిపి చూస్తే బయటికి రావాలన్నవాళ్లు సగానికి కొంచెం పైన. అబియా తుపాకీ తీసి ఆకాశంలోకి రెండుసార్లు కాల్చాడు. ఊళ్లో కుక్కలన్నీ అరగంట అరిచాయి. యోకుమ్ రేడియో ఐస్‌లాండ్ తప్ప పలకదు కాబట్టి అతనికి వార్త అల్లుడే చెప్పాల్సివచ్చింది, ఆ చెప్పడం ఎదురింటిదాకా వినిపించింది.

బడి వదిలాక నికొలీన్ రోడ్డు దాటింది. గుమ్మంలో బూట్లు విడిచింది. యోకుమ్ స్టూలుమీదినుంచి లేచి, ఆమెకు చోటిచ్చి, పొయ్యిలో బొగ్గు వేసే నెపంతో అవతలికి వెళ్లాడు. బిడ్డ మేలుకునే ఉన్నాడు. ఆమె ఎత్తుకుంది. వారంలోనే బరువు తెలుస్తోంది.

"ఎనోక్, నువ్వు గెలిచావు," అంది. "బయటికి వస్తున్నాం. ఈసారి విన్నారు."

బిడ్డ ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు.

"వాడొక్కడేనా, మీరిద్దరూ గెలిచారు కోడలా," అంది బొలెత్, కప్పులు సర్దుతూ.

పొయ్యి దగ్గర బొగ్గు చప్పుడు ఆగింది. నికొలీన్ బొలెత్ వైపు చూసింది, తర్వాత బిడ్డ వైపు చూసింది. కాఫీ వచ్చింది. అబియా లోపలికి వచ్చి బిడ్డను గాల్లోకి ఎత్తి తిప్పాడు, యోకుమ్ వద్దురా కక్కుతాడు అన్నాడు, బిడ్డ అలాగే చేశాడు. ఆమె తన కప్పు కడిగి బోర్లించి, చీకటి పడేవేళకు ఇంటికి వచ్చి, యోకుమ్ ఇచ్చిన చేపను కోసి ఉప్పు పట్టించింది.

తమ ఇంట్లో రెండు ఓట్లూ ఒకటి కావని ఎనోక్‌కు ఇంకా చెప్పలేదు.